నాలుకకు తీపి... పళ్లకు పులుపు!

ఇంటర్వెల్‌లో తాగే కూల్‌డ్రింకు మీ పంటినీ, పంట్లో పెట్టించుకున్న సిమెంటునీ ఏం చేస్తుందో తెలుసా?

'విశ్రాంతి' అన్న అక్షరాలు తెర మీద పడ్డాయో లేదో, హాలు తలుపులు బార్లా తెరుచుకున్నాయి. కుర్రకారంతా ఒక్క వుదుటున క్యాంటీన్ మీద పడ్డారు. ఆ తోపులాటలోంచి ఎలాగో బయటపడి, మా మేనల్లుడు రెండు చేతుల్లో రెండు నల్లటి సీసాలతో నా దగ్గరికి వచ్చాడు.

వూరు కోయిలకుంట్ల. 2022 దాకా కర్నూలు జిల్లా, ఆ తర్వాత నంద్యాల జిల్లా. కాలం ఎండాకాలం. బయట నిప్పులు చెరుగుతోంది.

"తాగు మామా, సల్లగా వుండాది" అన్నాడు వాడు.

అంతకుముందే కమెడియన్ చేసిన అల్లరికి హాలంతా పగలబడి నవ్వింది. వీడూ నవ్వాడు. కానీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు. అది నా కంట పడింది.

"ఏమిరా, కొత్త పెళ్లికూతురు మాదిరి నోటికి సెయ్యి అడ్డం పెట్టుకుంటివి?"

"ఏం లేదులే మామా..."

ఏం లేదంటే ఏదో వున్నట్టే కదా! బతిమాలితే చివరికి పెదవి పైకెత్తి చూపించాడు. పై వరస ముందు పళ్ల అంచులు పలచబడి, గాజుముక్కల్లా అవతలి వెలుతురు కనిపిస్తోంది. తెల్లగా వుండాల్సిన చోట పసుపు తేలింది. పక్క పంటికి చిగురు దగ్గర కిందటేడు పెట్టించిన సిమెంటు సగం లేచిపోయింది.

"సల్లనీళ్లు తాగితే జివ్వుమంటాది మామా. అమ్మకు సెప్పొద్దు."

వాడికి 19 ఏళ్లు. ఎప్పటికైనా వెండితెర మీద కనిపించాలని వాడి ఆశ. ప్రస్తుతానికి సెల్‌ఫోన్‌లో రీల్స్ చేస్తుంటాడు. ఈమధ్య నవ్వే వేషాలన్నీ మానేసి, మూతి బిగించి గుడ్లురిమే వేషాలకే అంకితమయ్యాడు. ఫ్యాక్షన్ హీరో మీద మోజు పుట్టిందేమోనని ఇంట్లో అందరం నవ్వుకున్నాం. అసలు కారణం పళ్లని ఎవరు కలగన్నారు!

రోజుకెన్ని సీసాలని అడిగితే వేళ్లు లెక్కపెట్టుకున్నాడు. పొద్దున కాలేజీ దగ్గర ఒకటి, సాయంత్రం క్రికెట్ అయ్యాక ఒకటి, సినిమాకు వస్తే ఇంకొకటి. "అందరూ తాగుతారు కదా మామా" అన్నాడు.

నిజమే, అందరూ తాగుతారు. అందుకే ఈ నాలుగు మాటలు.

పళ్లు పులిశాయంటే...

చిన్నప్పుడు పచ్చి చింతకాయ ఉప్పుకారం అద్దుకుని తినని వాళ్లు మనలో ఎవరున్నారు? నాలుగు కాయలు తినేసరికి పళ్లు గరగరలాడతాయి. ఆ తర్వాత అన్నం నమలాలన్నా ఇబ్బందే. "పళ్లు పులిశాయి" అంటాం. చక్కని మాట! నాలుకకు పులుపు తెలుస్తుంది, కానీ పులిసేది మాత్రం పళ్లు. పులుపులోని ఆమ్లం పంటి పైపొరను తాకిందని ఏ డాక్టరూ చెప్పకముందే మన అవ్వలు కనిపెట్టి పెట్టిన మాట అది. "ఇంక సాలు, పల్లు పులుస్తాయి" అని చేతిలో కాయ లాక్కునేవాళ్లు.

చింతకాయతో వున్న సుగుణం అదే. తనెంత పులుపో తనే చెప్పేస్తుంది. నాలుగో కాయకు మనమే ఆపేస్తాం.

కూల్‌డ్రింకు అలా కాదు. కోలా రకాల్లో ఫాస్ఫారిక్ ఆమ్లం, నిమ్మ, నారింజ రుచుల వాటిలో సిట్రిక్ ఆమ్లం వుంటాయి. పులుపును కొలవడానికి శాస్త్రజ్ఞులకు పి.హెచ్. అనే కొలబద్ద వుంది. మంచినీళ్లకు 7. అంకె తగ్గేకొద్దీ పులుపు పెరుగుతుంది. ఒక్కొక్క మెట్టు దిగితే పులుపు పదింతలవుతుంది. కోలాకు సుమారు 2.5. నిమ్మరసానికి కూడా అటూ ఇటూగా అంతే!

మరి నిమ్మరసం వుత్తిగా తాగితే మొహం వంకర్లు తిరుగుతుంది, కోలా గటగటా ఎలా దిగుతోంది? చక్కెర మహిమ! మామూలు కోలాలో 100 మిల్లీలీటర్లకు సుమారు 10 గ్రాముల చక్కెర వుంటుంది. 300 మిల్లీలీటర్ల సీసా అంటే 30 గ్రాములు, ఏడెనిమిది చెంచాలు. అంత చక్కెర వేసుకుని ఇంట్లో ఎవరైనా టీ తాగుతారా? ఆ తీపి నాలుకను జోకొడుతుంది. గ్యాసు, చల్లదనం తోడవుతాయి. నాలుక మోసపోతుంది. పళ్లు మోసపోవు, వాటికి తీపి తెలియదు కదా!

నాపరాయి చెప్పే పాఠం

ఈ సంగతి మా సీమవాళ్లకు వేరేగా పాఠం చెప్పక్కర్లేదు. మా ఇళ్లల్లో అరుగులు, వంటింటి గట్లు, మెట్లు అన్నీ నాపబండలే. నున్నగా మెరిసే బండ మీద నిమ్మచెక్క బోర్లించి మరిచిపోతే, మర్నాటికి అక్కడ తెల్లటి మచ్చ. ఎంత తోమినా పోదు. అది అంటుకున్న మరక కాదు కదా, పోవడానికి! బండ పైన నునుపే తినుకుపోయింది.

నాపరాయి అంటే సున్నపురాయి. భూగర్భ శాస్త్రజ్ఞులు ఈ ప్రాంతపు రాతిపొరల్లో ఒకదానికి మా వూరి పేరే పెట్టారు: 'కోయిలకుంట్ల సున్నపురాయి' అని. బండ సున్నపురాయో కాదో తేల్చుకోవాలంటే వాళ్లు చేసే పని కూడా ఇదే. పలచని ఆమ్లం ఒక చుక్క వేస్తారు. బుసబుసా పొంగిందంటే సున్నపురాయే!

ఇంకాస్త దూరం పోతే కొలిమిగుండ్ల మండలంలో బెలుం గుహలున్నాయి. 3,229 మీటర్ల పొడవు. వాటిని ఏ ఉలీ చెక్కలేదు. గాలిలోని, మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకుని కాస్త పులిసిన నీళ్లు, యుగాల తరబడి సున్నపురాయిని కరిగించుకుంటూ పోతే తయారయ్యాయి. మన సోడాలో బుడగలు లేపేది కూడా ఆ వాయువే. అయితే భయపడకండి, వుత్త సోడా పులుపు చాలా తక్కువ. ఒక గోలీసోడాతో పంట్లో బెలుం గుహ తయారు కాదు! అసలు పని చేసేది, రుచి కోసం కలిపే ఆ ఫాస్ఫారిక్, సిట్రిక్ ఆమ్లాలు.

మన పంటిని కప్పి వుండే తెల్లని పొర పేరు ఎనామెల్. మనిషి ఒంట్లో ఇంతకన్నా గట్టి పదార్థం ఇంకోటి లేదు, ఎముక కూడా దీని ముందు తక్కువే. బరువులో నూటికి 96 వంతులు ఖనిజమే. నాపరాయీ ఎనామెల్ దాయాదుల్లాంటివి. అక్కడా కాల్షియమే, ఇక్కడా కాల్షియమే. రాయిలో కార్బనేటు, పంట్లో ఫాస్ఫేటు. పంటి చుట్టూ పి.హెచ్. సుమారు 5.5 కన్నా తగ్గిందంటే ఎనామెల్‌లోని ఖనిజం కరగడం మొదలుపెడుతుంది. కోలా 2.5 అని చెప్పుకున్నాం. అంటే మూడు మెట్లు కింద, వెయ్యింతల పులుపు!

ఎనామెల్ ఎంత మందం అనుకున్నారు? బాగా దట్టంగా వున్న చోట కూడా రెండున్నర మిల్లీమీటర్లు. విరిగిన ఎముక అతుక్కుంటుంది, తెగిన చర్మం కలుస్తుంది. పోయిన ఎనామెల్ మాత్రం మళ్లీ మొలవదు. దాన్ని తయారుచేసిన కణాలు పన్ను చిగురులోంచి బయటికి వచ్చేసరికే పని ముగించుకుని వెళ్లిపోతాయి. దాని కింద వుండే పసుపు పొర మెత్తన. ఇంకాస్త తక్కువ పులుపుకే కరుగుతుంది. చల్లనీళ్లు తగిలితే జివ్వుమని నరాన్ని లేపేది కూడా ఆ పొరే. మా వాడి పళ్లలో తేలిన పసుపు అదే.

కవులు పలువరసను ముత్యాలతో పోలుస్తారు. తమాషా ఏమిటంటే ముత్యమూ పులుపులో కరిగేదే! క్లియోపాత్రా రాణి ఓ ముత్యాన్ని పుల్లటి ద్రాక్షసారంలో వేసి, కరిగించి తాగిందని రోమన్ రచయిత ప్లినీ కథ చెప్పాడు. ఆమె కరిగించుకున్నది ఒక ముత్యం. మన నోట్లో వున్నవి 32!

హీరో గుటక - మన గుటక

1977లో కోకాకోలా మన దేశం వదిలి వెళ్లింది. ఆ ఏడే పార్లే వాళ్ల థమ్సప్ పుట్టింది. 1990 ప్రాంతంలో పెప్సీ వచ్చింది. 1993లో కోకాకోలా తిరిగొచ్చి థమ్సప్‌నూ కొనేసింది. అక్కణ్ణుంచి మొదలైంది అసలు పోటీ. మన తారలంతా సీసాలు పట్టారు. చిరంజీవి, ఆ తర్వాత మహేష్‌బాబు థమ్సప్ ప్రకటనల్లో కొండలు దూకారు, బైకులు ఎగిరించారు. పవన్‌కల్యాణ్ పెప్సీ పట్టుకున్నారు.

మా వూరికీ ఈ కథలో చిన్న ముడి వుంది. ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరి 22న ఇంగ్లీషువాళ్లు వురి తీసింది కోయిలకుంట్లలోనే. 2019లో 'సైరా నరసింహారెడ్డి'లో చిరంజీవి ఆ పాత్ర వేస్తే మా వూరివాళ్ల కళ్లు చెమర్చాయి. హీరో అంటే మాకు అంత అభిమానం. ఆయన పట్టిన కత్తీ మాదే, ఆయన పట్టిన సీసా కూడా మాదే అనుకుంటాం!

తారలను తప్పుపట్టడం నా వుద్దేశం కాదు. ఒక్క సంగతి గమనించండి. ప్రకటనలో హీరో సీసా ఎత్తి గటగటా రెండు గుటకలు వేస్తాడు. అంతటితో ఫిల్మ్ అయిపోతుంది. మనమో? ఇంటర్వెల్‌లో కొన్న సీసా క్లైమాక్సు దాకా నడిపిస్తాం. ఫైటుకో గుక్క, పాటకో గుక్క!

పంటికి అసలు చేటు ఇక్కడే వుంది. నోట్లో ఆమ్లం పడగానే లాలాజలం పని మొదలుపెడుతుంది. ఆమ్లాన్ని కడిగేసి, కాల్షియం, ఫాస్ఫేటులను మెత్తబడిన ఎనామెల్‌కు తిరిగి అందిస్తుంది. ఆ రిపేరు సాగడానికి అరగంటో, అంతకన్నా ఎక్కువో వ్యవధి కావాలి. పది నిమిషాలకో గుక్క వేసేవాడి నోట్లో ఆ అరగంట ఎప్పుడొస్తుంది? సీసా అదే, పులుపు అదే. అయిదు నిమిషాల్లో తాగితే ఒక దెబ్బ. రెండు గంటలు చప్పరిస్తే డజను దెబ్బలు.

ఒక గ్లాసు కోలాలో పన్ను వేస్తే తెల్లారేసరికి మాయమవుతుందని మీరూ విని వుంటారు. అది అతిశయోక్తి. 1950లో అమెరికా ప్రతినిధుల సభ కమిటీ ముందు కార్నెల్ విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞుడు క్లైవ్ మెకే, కోలాలో వుంచిన పన్ను రెండు రోజుల్లో మెత్తబడుతుందని సాక్ష్యం చెప్పాడు. అది నోటికీ నోటికీ పాకి, 'తెల్లారేసరికి మాయం' కథ అయింది. గ్లాసులో లాలాజలం వుండదు. నోట్లో వుంటుంది. అదే మనకు రక్ష. కాబట్టి ఆ రక్షను పనిచేయనివ్వాలి.

ఇక్కడే సీమ ఎండ ఇంకో మెలిక పెడుతుంది. ఎండన పడి వచ్చినప్పుడు, ఆడి చెమటలు కారినప్పుడు నోరు పిడచగట్టుకుపోతుంది. అంటే లాలాజలం తక్కువ. సరిగ్గా అప్పుడే మనకు కోలా గుర్తొస్తుంది! నిద్రలోనూ లాలాజలం బాగా తగ్గిపోతుంది. సెకండ్ షో చూసి, మిగిలిన సీసా దారిలో ఖాళీ చేసి, పళ్లు కడగకుండా మంచమెక్కితే, ఆ పులుపూ తీపీ తెల్లవార్లూ పళ్ల మీదే కాపురం.

సిమెంటు నిలిచింది... పన్ను కరిగింది!

"పన్ను పోతే పోనీలే, సిమెంటు పెట్టించుకుంటాం" అంటారా? అక్కడికే వస్తున్నా.

డిగ్రీ చదివే రోజుల్లో నాకూ కింది దవడ పన్ను పిప్పి పట్టింది. డాక్టరు వెండి సిమెంటు పెట్టాడు. పాదరసంలో వెండి, తగరం, రాగి కలిపి కూరే రకం. ఇప్పుడు దాని వాడకం తగ్గింది. ఆ రోజుల్లో నేనూ మా వాడికి తీసిపోని సీసా వీరుణ్ణే. కొన్నేళ్ల తర్వాత మరో వూళ్లో మరో డాక్టరు నోట్లో అద్దం పెట్టి చూసి, "మీరు కూల్‌డ్రింకులు బాగా తాగుతారా?" అన్నాడు. నేను తెల్లబోయాను. ఈయనకు జోస్యం కూడా వచ్చా!

చేతికి అద్దం ఇచ్చి చూపించాడు. పంటి నడుమ వెండి సిమెంటు చుట్టూ వున్న పన్ను కన్నా పైకి లేచి, దిబ్బలా నిలబడి వుంది. సిమెంటు పెరగలేదు. చుట్టూ వున్న పన్నే తరిగిపోయింది. వాన కోతకు మట్టి కొట్టుకుపోయి బండ తేలదా, అచ్చం అట్లా! ఆ రకం సిమెంటు ఆమ్లానికి అంత తొందరగా లొంగదు. దాన్ని పట్టుకుని వుండాల్సిన గోడ మాత్రం లొంగుతుంది. పళ్ల డాక్టర్లు పులుపు దెబ్బను గుర్తుపట్టే ఆనవాళ్లలో ఇదొకటి.

మా మేనల్లుడిది ఇంకో రకం. చిగురు దగ్గర, చిన్నపిల్లల పళ్లల్లో ఎక్కువగా పెట్టే గ్లాస్ అయనోమర్ సిమెంటు. పంటికి తనంతట తనే అతుక్కోవడం, ఫ్లోరైడ్ విడుదల చేయడం దాని సుగుణాలు. కానీ ఆమ్లం తరచుగా తగిలితే పైపొర గరుకుబారి, కొద్దికొద్దిగా అరిగిపోతుంది. మూడోది కాంపోజిట్, పంటి రంగులో వుండి నీలికాంతితో గట్టిపడే రకం. ఇది అయనోమర్ కన్నా బాగా తట్టుకుంటుంది. అయినా పైమెరుపు తగ్గవచ్చు, రంగు పట్టవచ్చు.

మూడింటికీ వున్న అసలు బలహీనత ఒక్కటే: సిమెంటూ పన్నూ కలిసే అంచు. అంచున పన్ను కరిగితే సందు పడుతుంది. సందులో చక్కెర చేరుతుంది. చక్కెర తిని ఆమ్లం కక్కే సూక్ష్మజీవులు అక్కడ మకాం పెడతాయి. సిమెంటు కిందే మళ్లీ పిప్పి మొదలవుతుంది. అంటే సీసాలో పులుపు నేరుగా చేసే దెబ్బ ఒకటి, చక్కెర దొడ్డిదారిన చేయించే దెబ్బ ఇంకొకటి. 'డైట్' సీసాల్లో చక్కెర వుండదు కాబట్టి రెండో దెబ్బ తప్పుతుంది. మొదటిది తప్పదు. వాటిలోనూ ఆమ్లం వుంటుంది కదా!

మరి ఏం చేద్దాం?

సీసాలన్నీ పగలగొట్టమని నేను చెప్పను. చెప్పినా మీరు వినరు! వినగలిగిన నాలుగు మాటలు చెబుతాను.

తాగితే అన్నంతో పాటో, తిన్న వెంటనేనో ఒక్కసారి తాగి ముగించండి. సినిమా అంతా చప్పరించకండి. నోట్లో పుక్కిలించి రుచి చూసే అలవాటుంటే మానేయండి. స్ట్రా వాడితే ముందు పళ్లకు కొంత మేలు. తాగాక మంచినీళ్లతో నోరు పుక్కిలించండి.

వెంటనే బ్రష్ పట్టుకోకండి. ఇది చాలామందికి తెలియదు. ఆమ్లానికి మెత్తబడిన ఎనామెల్ మీద బ్రష్ వేసి రుద్దితే దాన్ని మనమే గీకేసుకున్నట్టు. కనీసం అరగంట ఆగండి. ఫ్లోరైడ్ వున్న పేస్టు వాడండి. రాత్రి పళ్లు తోముకున్నాక మంచినీళ్లు తప్ప ఏదీ వద్దు.

ఇంకో మాట. ఇంట్లో చేసినంత మాత్రాన పులుపు పులుపు కాకుండా పోదు. నిమ్మసోడా, నిమ్మకాయ పిండిన మన నన్నారి షర్బత్ కూడా పంటికి పులుపే. వాటికీ ఇదే పద్ధతి. మజ్జిగ సంగతి మాత్రం వేరు. అదీ పులుపే, కానీ దానిలోనే కాల్షియం, ఫాస్ఫేటు దండిగా వుంటాయి గనుక పంటిని కరిగించదు. ఎండలో వచ్చినవాడికి మా అవ్వ చెంబుతో ఇచ్చే ఉప్పేసిన మజ్జిగకు, ఏ హీరో ప్రకటన ఇవ్వకపోయినా, పంటి తరఫున నా ఓటు!

జివ్వుమనడం, అంచులు గాజులా పలచబడడం, సిమెంటు పైకి తేలినట్టు అనిపించడం... వీటిలో ఏది కనిపించినా పళ్ల డాక్టరు దగ్గరికి పోండి. నొప్పి వచ్చేదాకా ఆగకండి. ఎనామెల్‌కు నరాలు లేవు. పోయేటప్పుడు చెప్పి పోదు.

మా వాణ్ణి మర్నాడే తీసుకుపోయాను. వాళ్లమ్మకు చెప్పే తీసుకుపోయానులెండి! డాక్టరు చిగురు దగ్గర సిమెంటు కొత్తగా పెట్టాడు. పలచబడిన అంచులకు కాంపోజిట్‌తో మెరుగు దిద్దవచ్చన్నాడు. "కానీ ముందు మూణ్ణెల్లు సీసా ఆపి చూపించు. లేకపోతే నేను పెట్టేదీ మిగలదు. పోయింది మాత్రం తిరిగి రాదు" అని ఖండితంగా చెప్పాడు. బయటికొచ్చాక వాడు చాలాసేపు మాట్లాడలేదు. బస్టాండు దగ్గర మాత్రం, "ముందే ఎవరన్నా సెప్పింటే బాగుండు మామా" అన్నాడు.

మొన్న మళ్లీ అదే హాలుకు పోయాం. 'విశ్రాంతి' పడింది. వాడు క్యాంటీన్ వైపు వురికాడు. నా గుండె కాస్త దడదడలాడిన మాట నిజం. రెండు సీసాలతో తిరిగొచ్చాడు. రెండూ మంచినీళ్లే.

"రేపటితో మూణ్ణెల్లు అయితాది మామా" అన్నాడు, చెయ్యి అడ్డం పెట్టుకోకుండానే.

మీరు ఎన్నాళ్లు ఆపగలరు? ఈ వారం చూడబోయే సినిమా ఇంటర్వెల్‌తోనే మొదలుపెట్టి చూడండి!